నెత్తిన మోసిన మెమో

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నీ మనవరాలు బడి కోసం చార్ట్ గీస్తున్నది, ఏ దేశంల మార్కులు ఎట్ల ఏస్తరని. జర్మనీల ఒకటొస్తే అందరికంటే ఫస్టంట, ఆరొస్తే ఫెయిలంట. ఫ్రాన్స్‌ల ఇరవైకి పదొస్తే పాసంట. నువ్వుంటే పక్కన కూసొని అన్నీ అడిగేటోనివి.

నేను నీ ఫొటో కాడ పెట్టిన నీ బొగ్గుబాయి డ్యూటీ హెల్మెట్ తుడుస్తున్న. లోపలి పట్టీ కింద, ప్లాస్టిక్ కవర్ల, నా పదో తరగతి మెమో దొరికింది. అన్నిట్ల పాస్. లెక్కల్ల అరవై ఎనిమిది.

అన్న, నేను ఒక్కటేసారి పది రాసిన ఆ ఎండకాలం, బడికి పోయి రిజల్టు చూసొచ్చి ఏమన్నవ్? "అన్న ఫెయిలైండు, నువ్వు గూడ లెక్కల్ల పోయినవ్ బిడ్డా." వాడు చిన్నబోతడని నన్ను గూడ ఫెయిల్ జేసినవా? వానితోని మళ్ల పరీక్ష రాయించినవ్. నన్ను కుట్టుమిషిన్ ముంగట కూసోబెట్టినవ్. నా బిడ్డ లెక్కలడిగితే ఇప్పటికీ "మీ నాయిననడుగు" అంటున్న.

మెమో మడతల్ల బొగ్గు పట్టింది. రోజూ నెత్తిన పెట్టుకొని బాయిల దిగినవ్ గని, నాకు ఒక్క మాట చెప్పలె.

"అమ్మా, మన దగ్గర ఎన్నొస్తే పాస్?" అని పిల్ల అడిగింది.

ముప్పై ఐదని చెప్పిన. నాకు అరవై ఎనిమిది సరిపోలె బాపూ.