అత్తమ్మ ఎందుకు నవ్వింది?

శ్రీవారికి గ్యోక్‌లాన్ నమస్కరించి రాయునది.

తైనాన్‌లో మేమంతా కులాసా. ఓడ మీద మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను. మామయ్య మోకాలి సంగతి అడిగారు. మోకాలు మొరాయిస్తోంది, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. పిల్లదానికి ముందు పళ్లు ఊడాయి. ముల్లంగి ఊరగాయ కొరకలేక చప్పరిస్తోంది.

ఓడ మీద వండుకోవడానికి మన కుండలోని పాత ఇగురు ఒక సీసా పంపమన్నారు. అత్తమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి అడుగున కాస్త మిగిల్చి, దాని మీదే కొత్త పంది మాంసం, సోయా, వేయించిన చిన్నుల్లి వేసి కాచుకొస్తున్న ఇగురు కదా. ఆ సంగతికే వస్తున్నాను.

మొన్న అత్తమ్మ తిథి. పటం ముందు వేడన్నం మీద మాంసం ఇగురు పోసి, పక్కన పసుపు ముల్లంగి ఊరగాయ పెట్టాను. అగరొత్తులు సగం కాలాక, తిన్నదో లేదో అడగడానికి మామయ్య చెక్కబిళ్లలు వేశారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే తిన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయి. నవ్వుతోందన్నమాట. మళ్లీ వేస్తే మళ్లీ నవ్వే.

“అమ్మాయ్, ఉప్పు వేశావా?”

“వేశాను మామయ్యా.”

“మరి ఈ నవ్వేమిటి? ముల్లంగి మెత్తబడిందా?”

“కరకరలాడుతోంది. కావాలంటే కొరికి చూడండి.”

“ఆవిడ తినకుండా నేను ముడితే బతకనిస్తుందా!”

ఆ నవ్వు నా మీదేననుకున్నాను. మీకు కూడా చెప్పని మాట ఒకటుంది. మీరు ఓడెక్కాక వచ్చిన తుఫానుకు నీళ్లు ఇంట్లోకొచ్చి మేడమీదే ఉండిపోయాం. దిగి చూసేసరికి ఇగురు పులిసి నురగలు కక్కుతోంది. గుట్టుగా పారబోసి, కుండ తోమి, కొత్తగా మొదలుపెట్టాను. మన అన్నం కొట్టుకొచ్చేవాళ్లు “అచ్చం మీ అత్త చేతి రుచే” అంటుంటే మురిసిపోవాలో, సిగ్గుపడాలో తెలియలేదు. కుండ ఖాళీ కానివ్వకని రేవులో మీరు మరీ మరీ చెప్పారు. ఆ పటం ముందే ఏడుస్తూ మామయ్యకు అంతా చెప్పేశాను.

ఆయన బిళ్లలు ఏరి చేతిలోకి తీసుకున్నారు. తర్వాత పటం వైపు తిరిగి, “నవ్వింది చాల్లేవే, చెప్పేస్తున్నా” అన్నారు. “వెనక వరదొచ్చిన ఏడు ఈవిడా ఇలాగే పారబోసిందమ్మా. నోరెత్తితే అన్నం పెట్టనంది. ఇన్నేళ్లూ ఎత్తానా?”

బిళ్లలు వేశారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా.

అప్పటి నుంచి నాకేమీ పాలుపోవడం లేదు. మీరు చిన్నప్పుడు తిన్నది ఏ ఇగురు? నేను పోగొట్టింది ఏది? అత్తమ్మ నవ్వింది నన్ను చూసా, తనను తాను తలుచుకునా? మామయ్య మాత్రం చల్లారిన అన్నాన్ని లొట్టలేసుకుంటూ తిన్నారు.

మీ ఓడకు సరుకులు తెచ్చే ఖూన్‌హుయ్ గారికి సీసా ఇచ్చాను. పాతదని చీటీ అంటించి, మళ్లీ పీకేశాను. వేడన్నం మీద పోసుకుని తిని, అది ఎవరి చేతిదో మీరే తేల్చి రాయండి. నాదేనని తేలితే తిట్టండి, పడతాను. కానీ అంతా తినేయకుండా సీసా అడుగున కాస్త మిగల్చండి.

ఇట్లు,
మీ ఇల్లాలు
గ్యోక్‌లాన్