ఓడ చరిత్రలో లేని పడవ

వదినకి నమస్కారాలు. నేను కులాసా, అమ్మకి ఇంతవరకే చదివి వినిపించండి.

యుద్ధం అయిపోయింది కదా, మా ఓడని తుక్కు కింద అమ్మేస్తారట. టైపు గుమస్తాని కాబట్టి దాని సర్వీసు చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. "మనది మిగతా పడవలకి ఆర్డర్లిచ్చిన ఓడ. మనవాళ్లు ఒక్కరూ పోలేదు, అది రాయవయ్యా" అన్నారు కెప్టెన్‌గారు. పాత కాగితాలు తిరగేస్తుంటే, అన్నయ్య ఎక్కి తిరిగిరాని పడవని ముందుకు పంపిన ఆర్డరు దొరికింది. అడుగున టైపు కొట్టినవాడి పొడి అక్షరాలు వేయడం మా రివాజు. అవి నావే వదినా. ఆ రోజు పడవ నంబరు కొట్టానే గాని, అందులో ఎవరున్నారో అడగలేదు.

చరిత్రలో ఆ పడవ ఊసు ఉండదు, అది మన ఓడ కాదట.

వంటింటి కప్పు ఇంకా కారుతోందా? చిన్నదాని దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు.

వచ్చే నెల సెలవిస్తారు. మీరు రమ్మని రాస్తేనే వస్తాను.

మీ మరిది