షోలవరంలో అర చుట్టు

వడమాలపేట,
6-2-1979

చిరంజీవి సంపత్కుమార్‌కు మేనమామ శఠగోపం ఆశీస్సులు. ఇక్కడ అందరూ క్షేమం, నా పరువు తప్ప.

రెండేళ్లు మద్రాసు షెడ్డులో చెమటోడ్చి చేసినావే, ఆ పందెం కారు షోలవరం ట్రాకులో అర చుట్టు తిరిగి ఆగిపోయిందంట. పుత్తూరు పురాణ ఉపన్యాసంలో మూడు వందల మంది ముందర "గరుత్మంతుడే ఎగరబోతాడు, చూడండి" అని చెప్పినవాణ్ణి, ఇప్పుడు కాఫీ హోటలు ముందర తల వంచుకుని పోతా ఉన్నాను. కర్ణుడి రథం దిగబడింది పాపం చేత. మీ షెడ్డులోనూ ఎవడో పాపి ఉండాడు. వెతికి బయటికి తొయ్యి.

మామ,
శఠగోపం

తా.క. పందెం ముందునాడు నేనొచ్చి చేసిన పూజలో లోపం లేదు. పైకీ లోపలికీ శుద్ధి చేసినాను.

మద్రాసు,
10-2-1979

మామయ్యకు సంపత్ నమస్కారాలు.

మీ మాటే నిజమైంది. పెట్రోలు ట్యాంకులో చెంబెడు నీళ్లున్నాయి. ట్యాంకు చూసుకునేది మన ఐరాల జయరామ్. అడిగితే నేల చూసినాడే గాని నోరు విప్పలేదు. మీ ఉత్తరం చదివి వినిపిస్తే షెడ్డు యజమాని అప్పుడే పనిలోంచి తీసేసినాడు. ఇద్దరు బిడ్డల్నీ, రేకు పెట్టెనీ ఎత్తుకుని బస్సెక్కినాడు.

మీ సంపత్

తా.క. కారులో చెడిపోకుండా మిగిలింది మీరు ముందర కట్టిన నిమ్మకాయలే.

వడమాలపేట,
13-2-1979

నాయనా సంపత్, ఆశీర్వదించడానికి చెయ్యి లేవడం లేదు.

ఆ నీళ్లు నావి. ఆకాశగంగ తీర్థం. పైన నామం పెట్టి లోపల శుద్ధి చెయ్యకుంటే అదేం భక్తి అని, మూత తెరిచి ఉంటే చెంబు వంచినాను. కర్ణుణ్ణి శల్యుడు మాటలతో ముంచినాడు, నిన్ను నేను చెంబుతో ముంచినాను. ఇది మీ యజమానికి చదివి వినిపించు. రేపు తొలి బస్సుకు ఐరాల పోయి జయరామ్‌ను బతిమాలుకుంటాను. కసిరినా పడతాను.

నువ్వు వెతికిన పాపి,
శఠగోపం

తా.క. ఈ రోజు ఉపన్యాసం మానుకున్నాను. గొంతు పట్టేసిందని చెప్పినాను. అదీ అబద్ధమే.

మద్రాసు,
19-2-1979

మామయ్యకు నమస్కారాలు.

జయరామ్ వచ్చేసినాడు. యజమానే ఎదురుపోయి పెట్టె అందుకున్నాడు. మీరు వాళ్ల వాకిట్లో కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడే ఉన్నారంట.

వాడికి నీళ్లు బయటపడిన రోజే తెలుసు. ట్యాంకు వడపోస్తే తులసాకు తగిలిందంట, జేబులో దాచేసినాడు. "ఎందుకు చెప్పలేదప్పా?" అంటే, "పెద్దోళ్ల తప్పు ఈదిలో పెడితే నోరు పుండవుతాదని మా ఐరాల ఉపన్యాసంలో మీ మామే చెప్పినాడు గదన్నా" అన్నాడు.

మీ సంపత్

తా.క. ఆ ఆకు మీకే పంపమన్నాడు. ఇందులో పెట్టినాను. కళ్లకద్దుకోండి చాలు, నోట్లో వేసుకోవద్దు. పెట్రోలు వాసన ఇంకా పోలేదు.