ఎర్ర డబ్బా అడుగున

వెర్నా వదినకు,

ఏటా క్రిస్మస్‌కు మన మధ్య తిరిగే ఎర్ర డబ్బా ఈసారి ఇంత బరువుందేమిటని అనుకుంటావేమో. కారమెల్ పాప్‌కార్న్ పైపైనే ఉంది.

మొన్న పాకంలో వంటసోడా వేయగానే పొంగి చేతి మీద పడింది. బొబ్బెక్కిన చేత్తోనే ఓవెన్ ముందు నిలబడి పావుగంటకోసారి కలిపాను. తీరా పాప్‌కార్న్ పోద్దామని డబ్బా మూత తీస్తే, పోయిన క్రిస్మస్‌కు నువ్వు పంపిన ఫ్రూట్ కేకు చెక్కుచెదరకుండా కూర్చుంది. అవును, "నోట్లో వేసుకుంటే కరిగిపోయింది వదినా" అని ఫోనులో చెప్పింది నేనే.

కేకు ఎత్తి చూశాను. అడుగున అంతకుముందు ఏడాది నేనిచ్చిన పాప్‌కార్న్ పొట్లం, నేను కట్టిన పచ్చ రిబ్బను ముడితో సహా ఉంది. "ఒక్క పూటలో ఊడ్చేశాం" అన్నది మాత్రం నువ్వే.

ఏదీ తీయలేదు. వాటి మీదే కొత్తది పోశాను. ఈసారి డబ్బాను పండగ భోజనాల దగ్గర అందరి ముందూ తెరవాలని అత్తయ్య పట్టుబడుతున్నారు. ఆ కేకు చేసే పద్ధతి ఆవిడదే కదా.

గురువారం డబ్బా పట్టుకుని కాఫీకి రా. అడుగువి రెండూ మా కోళ్లకు వేసేద్దాం. కొత్త కేకు మాత్రం తేకు. పాపం, ఆ కోళ్లు మనల్నే నమ్ముకుని బతుకుతున్నాయి.

నీ మరదలు