ముప్పై ఎనిమిది శాతం దగ్గర ఆగిన తిథులు

దర్శి,
ఫాల్గుణ బహుళ విదియ, గురువారం.

చిరంజీవి అలేఖ్యకు మామయ్య జానకిరామయ్య ఆశీస్సులు.

ఈ-మెయిల్ రావలసిన చోట కాగితం వచ్చిందేమిటా అని కంగారు పడకు. నేనూ మీ అత్తయ్యా కులాసా. కులాసాగా లేనిది కంప్యూటరు ఒక్కటే.

పొద్దున మీ దుర్గాంబత్తయ్య నీకు ఫోను చేసిందిగా, ఎలా జరిగిందో నువ్వే విన్నావు. తెర మీది ఇంగ్లీషు ఆవిడ కూడబలుక్కుని చదివేలోపు అది మారిపోతోంది. నువ్వు చెప్పింది ఆవిడ నా చెవిలో అరిస్తే సగమే చేరుతోంది. చెవి మిషను పెట్టుకుంటే అది ఈల వేస్తోంది. చివరికి "మామా కోడలూ కాగితాల మీద రాసుకోండి, నాకు పొయ్యి మీద పప్పుంది" అని ఫోను పెట్టేసింది. నిజమే, కాగితమైతే పక్కన పెట్టుకుని ఒక్కొక్కటే చేసుకోవచ్చు. బస్టాండు దగ్గర కొరియర్లో వేస్తే రేపటికి నీకు చేరుతుందన్నారు.

సంగతి ఇది. మొన్న గ్రహణం నాడు మధ్యాహ్నం ఎవరిదో లగ్నపత్రిక టైపు చేస్తున్నాను. నన్నడక్కుండానే అప్‌డేట్లు వేసుకుంటున్నానంటూ నీలం తెర వచ్చేసింది. ఆపవద్దని ఒక హెచ్చరిక కూడా. ముప్పై ఎనిమిది శాతం దాకా వచ్చింది. ఇంతలో కరెంటు పోయింది. అప్పటినుంచి ఎన్నిసార్లు పెట్టినా కంపెనీ బొమ్మ వస్తుంది, చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, నల్లబడుతుంది, మళ్ళీ బొమ్మ.

కంప్యూటరు పోతే పోయింది, నాకు బెంగ లేదు. అందులో తిథుల జాబితా ఉంది. ముప్పై ఊళ్ళు, నాలుగు వందల పైచిలుకు ఇళ్ళు. ఏ ఇంట్లో ఎవరు ఏ తిథిన పోయారో మా తాతగారి నాటినుంచి రాసి ఉంచినవి. పుస్తకాలకు చెద పడితే రెండేళ్ళు కూర్చుని టైపు చేశాను. పనైపోయాక ఆ పుస్తకాలను శాస్త్రోక్తంగా తీసుకెళ్ళి గుండ్లకమ్మ ఏట్లో కలిపేశాను. ఇప్పుడు నా దగ్గర ఇంకేమీ లేదు.

చెంచురామయ్య వాళ్ళమ్మగారి ఆబ్దికం ఈ పక్షంలోనే. రేపో ఎల్లుండో వచ్చి ఎప్పుడని అడుగుతాడు. బ్రాడీపేటలో ఊరందరి కంప్యూటర్లూ బాగుచేస్తున్నావు, ఈ ఒక్కటీ లేపి పుణ్యం కట్టుకో తల్లీ.

ఇట్లు,
మామయ్య

*

గుంటూరు, బ్రాడీపేట,
మార్చి 6.

ప్రియమైన మామయ్యకు,

ఉత్తరం అందింది. నేనే వచ్చేదాన్ని గానీ, ఇక్కడి కోచింగ్ సెంటర్లన్నిటికీ ఆన్‌లైన్ పరీక్షలు నడుస్తున్నాయి. నేనూ వాసింగారూ తిండికి కూడా వంతులు వేసుకుంటున్నాం. షాపులో వాసింగారంటే నాకు గురువు లాంటివారు, ఆయన్ని అడిగే ఇది రాస్తున్నాను. ఒక్కొక్కటే చెయ్యి. ఒకటి అయ్యాకే రెండోది చదువు.

ముందు ప్లగ్గు పీకేసి పావుగంట అలా వదిలెయ్. ప్రింటరు, పెన్ డ్రైవు, వెనకాల ఏవేం గుచ్చి ఉన్నాయో అన్నీ తీసెయ్. కీబోర్డు, మౌసు, తెర, ఈ మూడే ఉండాలి. అప్పుడు ఆన్ చెయ్. అప్‌డేటు సగంలో ఆగితే ఒక్కోసారి తనంతట తనే వెనక్కి సర్దుకుంటుంది, కాబట్టి గంటసేపు ఓపిగ్గా చూడు. మధ్యలో ఏ బటనూ నొక్కకు.

అప్పటికీ లేవకపోతే, బొమ్మ కనబడగానే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపెయ్. అలా మూడుసార్లు ఆన్ చేసి ఆపితే, నాలుగోసారి నీలం తెర మీద కొన్ని గళ్ళు వస్తాయి. అందులో ట్రబుల్‌షూట్, దాంట్లో అడ్వాన్స్‌డ్, దాంట్లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. రీసెట్ అని ఇంకోటి ఉంటుంది. దాని జోలికి మాత్రం వెళ్ళకు మామయ్యా. అది నీ తిథుల్ని గుండ్లకమ్మ కూడా కలపలేనంత శుభ్రంగా కలిపేస్తుంది.

ఇక ఒక ప్రశ్న. పోయిన ఏడు నీకు యూపీఎస్ తెచ్చి పెట్టింది నేనే కదా. కరెంటు పోతే అది ఇరవై నిమిషాలైనా లాగాలి. మరి ముప్పై ఎనిమిది శాతం దగ్గర ఎలా ఆగింది?

రెండో ప్రశ్న. దసరాకి వచ్చినప్పుడు చెప్పాను, ఆ జాబితా ఒక ప్రింటు తీసి, ఎవరింటి తిథులు వాళ్ళకి ఇచ్చెయ్యమని. ఎందుకు ఇవ్వలేదు?

చెంచురామయ్యగారు వస్తే, చూసి చెప్తాను రెండు రోజులు ఆగమని చెప్పు. తెలియకపోతే తెలియదనడం తప్పేమీ కాదు. అత్తయ్యకి పప్పు మాడిందేమో కనుక్కున్నానని చెప్పు.

ప్రేమతో,
అలేఖ్య

*

దర్శి,
బహుళ పంచమి, ఆదివారం.

చిరంజీవి అలేఖ్యకు ఆశీస్సులు.

పప్పు మాడింది. ఆ పాపం నా ఖాతాలోనే పడింది.

నువ్వు రాసినవన్నీ వరసగా చేశాను. ప్లగ్గు పీకి పావుగంట కాదు, అరగంట ఉంచాను. ప్రింటరు తీశాను. పెన్ డ్రైవు లేదు గానీ మీ అత్తయ్య ఫోను చార్జరు వైరు వెనకాల దూర్చి ఉంది, అదీ తీశాను. గంటసేపు కుర్చీలోంచి లేవకుండా చుక్కల్ని చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదు. తరవాత మూడుసార్లు ఆపడం, నాలుగోసారి నీలం తెర. అదొచ్చినప్పుడు పరీక్ష ప్యాసైనంత సంబరపడ్డాను. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే చాలాసేపు ఆలోచించి, కుదరలేదని చెప్పింది. రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అదే మాట. రీసెట్ అన్నది కనబడగానే మౌసు మీంచి చెయ్యి తీసేశాను.

ఇక నీ మొదటి ప్రశ్న. కరెంటు పోలేదు. ఆ రోజు మూడుంపావుకల్లా నేను స్నానం చేసి తడిబట్టతో ఉన్నాను. ఇంట్లో ఆవకాయ జాడీ మీద, పాల గిన్నె మీద, బియ్యం డబ్బా మీద దర్భ వేసేశాను. స్పర్శకాలం ఇక ఐదు నిమిషాలు. ఈ నీలం తెర కదలనంటోంది. గ్రహణం పట్టే వేళకి ఇంట్లో పనులన్నీ ఆగాలి గదా, అలా నడుస్తూ ఉంటే నాకు మనసొప్పలేదు. యూపీఎస్ స్విచ్చి కూడా నేనే ఆపేసి, డబ్బా మీద ఒక దర్భ వేసి జపానికి కూర్చున్నాను. నీకు అబద్ధం రాశాను. అరవై ఆరేళ్ళ వయసులో మేనకోడలికి భయపడి అబద్ధం చెప్పడమేమిటని మీ అత్తయ్య పలక మీద రాసి చూపించింది.

చెంచురామయ్య నిన్న వచ్చాడు. అరుగు మీద కూర్చుని పలక తీసుకుని "అమ్మది ఎప్పుడొచ్చింది పంతులుగారూ" అని రాశాడు. ఆగమని చెబుదామనే నోరు తెరిచాను. కానీ ఈ అరుగు మీద కూర్చుని తెలియదనే మాట మా నాన్నా అనలేదు, నేనూ అనలేదు. ఆవిడ పోయిన రోజు నాకు గుర్తుంది, వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. నవమి. నవమనే చెప్పాను. గురువారం పెట్టుకుంటారు, నేనే చేయిస్తున్నాను.

రెండో ప్రశ్న అంటావా, నాలుగు వందల ఇళ్ళకి ప్రింటు తియ్యడమంటే మాటలా? ఎవరికి తీరిక?

కంప్యూటరు డబ్బాని నా పాత పట్టుపంచెలో చుట్టి రేపు బస్సు పార్శిల్లో వేస్తున్నాను. పంచె జాగ్రత్త.

ఇట్లు,
మామయ్య

*

గుంటూరు,
మార్చి 13, శుక్రవారం.

ప్రియమైన మామయ్యకు,

పంచె భద్రంగా ఉంది. దర్భ కూడా. వాసింగారు డబ్బా విప్పుతూ ఇదేం గడ్డి అని అడిగితే చెప్పాను. ఆయన నవ్వలేదు. తీసి సొరుగులో పెట్టి, పనయ్యాక మళ్ళీ అక్కడే పెట్టారు.

డిస్కు బాగానే ఉంది. దాన్ని తీసి ఇంకో కంప్యూటరుకి తగిలిస్తే నీ ఫైళ్ళన్నీ కనబడ్డాయి. ముందు వాటిని రెండు చోట్ల కాపీ చేసి, తరవాత సిస్టం మొత్తం మళ్ళీ కొత్తగా ఎక్కించాం. ఈ ఉత్తరంతో పాటే డబ్బా పంపుతున్నాను. అప్‌డేట్లు ఇకనుంచి తెల్లవారుజామున నువ్వు సంధ్యావందనంలో ఉండే వేళకి పెట్టాను. గ్రహణాలు ఎప్పుడో నీకు ఏడాది ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ రోజు పొద్దున్నే నువ్వే మామూలుగా షట్‌డౌన్ చేసెయ్. నీ నియమానికి నేను అడ్డం కాదు, స్విచ్చి పీకడానికే అడ్డం.

మామయ్యా, ఇంకో మాట. రాయాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

జాబితా సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూడటానికి ఏదో ఒక ఇల్లు తీద్దామని చెంచురామయ్యగారి ఇల్లు తీశాను. వాళ్ళమ్మగారి పేరు ఎదురుగా ఫాల్గుణ బహుళ సప్తమి అని ఉంది. నవమి అన్నది వాళ్ళ చిన్నాన్నగారి పేరు పక్కన ఉంది, అదే మాసం, అదే పక్షం. నీ జ్ఞాపకంలో ఆ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టున్నాయి. నిన్న రాత్రి నేను చూసేసరికి సప్తమి దాటిపోయింది. నవమి నాటి కార్యక్రమం కూడా అప్పటికే అయిపోయి ఉంటుంది.

టైపు చేసేటప్పుడు పొరపాటు పడ్డావేమో, నీ జ్ఞాపకమే నిజమేమో. అలా అనుకోవాలంటే అనుకోవచ్చు. వాళ్ళకి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. నువ్వు చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు, నేనైతే చెప్పను. కానీ నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ప్రేమతో,
అలేఖ్య

*

దర్శి,
బహుళ ద్వాదశి, సోమవారం.

నా చిట్టితల్లి అలేఖ్యకు,

డబ్బా వచ్చింది, లేచింది. కానీ నీకు ఈ-మెయిల్ ఇవ్వబుద్ధి కాలేదు. ఇది చేత్తోనే రాయాలనిపించింది.

టైపు పొరపాటు కాదు. ఆ ఇల్లు టైపు చేసిన రోజు పుస్తకంలో అక్షరం అక్షరం వేలితో తడిమి చూసుకున్నాను, నాకు తెలుసు. నువ్వు నాకు తప్పుకోవడానికి దారి చూపించావు. అంత దయగా చూపించినందుకే సిగ్గేసింది.

నీ రెండో ప్రశ్నకి అప్పుడు చెప్పింది సాకు. అసలు జవాబు ఇప్పుడు చెప్తాను, మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. వినికిడి పోయాక పెళ్ళిళ్ళకి పిలవడం మానేశారు. మేళం ఎక్కడుందో, తాళి ఎప్పుడు కట్టాలో నాకు వినబడదు గదా, వాళ్ళని తప్పుపట్టను. మిగిలింది ఈ తిథులు అడగడానికి వచ్చేవాళ్ళే. ఎవరిది వాళ్ళకి రాసి ఇచ్చేస్తే ఇక మా అరుగెక్కేదెవరు? అందుకే ఇవ్వలేదు. చెంచురామయ్యని ఆగమనలేకపోయింది కూడా అందుకే.

నిన్న ఏకాదశి. తప్పిన తిథిని బహుళ ఏకాదశి నాడో అమావాస్య నాడో పెట్టుకోవచ్చని శాస్త్రం. ఉదయమే స్నానం చేసి ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ మిరప కళ్ళం దగ్గర ఉన్నారు. చెంచురామయ్య పట్టాల మీద కాయలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

"చెంచురామయ్యా, మీ అమ్మగారిది సప్తమి. నేను నవమని చెప్పి నీ చేత తప్పు రోజున పెట్టించాను. కంప్యూటరు పాడైతే గుర్తున్నదనుకుని చెప్పాను. అమావాస్యనాడు మళ్ళీ చేయిస్తాను. స్వయంపాకం సామాను నేనే తెస్తాను. నన్ను క్షమించాలి" అన్నాను. నాకు నా గొంతే వినబడదు, ఎంత గట్టిగా అన్నానో తెలియదు. కూలివాళ్ళందరూ పని ఆపి చూశారు.

అతను వాళ్ళావిడ వెంకటరావమ్మ వంక చూశాడు. ఆమె తల దించుకుంది. ఏదో అన్నారు, నాకు అర్థం కాలేదు. అతను జేబులోంచి పురుగుమందుల కొట్టు చీటీ ఒకటి తీసి, వెనకవైపు పెన్సిలుతో చాలాసేపు రాసి నా చేతిలో పెట్టాడు. ఉన్నదున్నట్టు నీకు రాస్తున్నాను.

"మాకు తెలుసు పంతులుగారూ. అమ్మది సప్తమని నా భార్య బీరువా తలుపు మీద ఏనాడో రాసుకుంది. మీరు నవమన్నారు, ఎదురు చెప్పటం ఎందుకని ఊరుకున్నాం. సప్తమి రోజు ఇంట్లో ఆకేసి అమ్మకి పెట్టుకున్నాం. నవమినాడు మీరు చెప్పినట్టు చేశాం. అమ్మ రెండు పూటలు తింది, నష్టమేముంది. మీరు బాధపడతారని చెప్పలా."

రెండుసార్లు చదివాను. "తెలిస్తే మరి అడగడానికెందుకొచ్చావు?" అన్నాను.

చీటీ మళ్ళీ తీసుకున్నాడు. మిగిలిన కాస్త చోటులో రాశాడు. "మిమ్మల్ని అడక్కుండా చేస్తే అమ్మకి చేసినట్టుండదు. ప్రతి ఏడూ తెలిసే వస్తున్నా. మా ఊళ్ళో అందరూ అంతే."

ఏడ్చాను తల్లీ, అందరి ముందూ. వెంకటరావమ్మ మిరప ఘాటనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఘాటు కాదమ్మా అన్నాను. తెలుసన్నట్టు తలూపి చెంబు చేతిలో పెట్టింది.

ఇన్నేళ్ళూ వాళ్ళకి తెలియదనుకుని నేను దాచుకున్నాను. వాళ్ళు నా కోసం, తెలిసింది దాచుకున్నారు. ఇంటికొచ్చి ప్రింటరు తగిలించాను. రోజుకి పది ఇళ్ళ చొప్పున కాగితాలు తీస్తున్నాను. నేనే వెళ్ళి ఇచ్చి వస్తాను. మీ అత్తయ్య కూడా వస్తానంటోంది.

కళ్ళం దగ్గర బయల్దేరబోతుంటే చెంచురామయ్య నా భుజం తట్టి ఆపాడు. చీటీలో చోటు లేదు. ఈసారి నా ముఖానికి దగ్గరగా వచ్చి, పెదవులు బాగా కదుపుతూ, ఎప్పటిలాగే చేతులు కట్టుకుని అడిగాడు.

"వచ్చే ఏడు అమ్మది ఎప్పుడు పంతులుగారూ?"

"సప్తమి నాయనా" అన్నాను.

ఇట్లు,
నీ మామయ్య