క్లబ్బులో చేరబోయే లోకేశ్వరికి

చిత్తూరు,
ఆగస్టు, ఆదివారం మధ్యాహ్నం

ఎనిమిదో తరగతి దాకా నా పక్క బెంచీ వదలని లోకేశ్వరికి, భువన ప్రేమతో రాసేది.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. "తిరుపతిలో మా వీధి ఆడోళ్ళంతా సేవా క్లబ్బులో చేరతా ఉండారే. నువ్వు ముందే చేరినావు గదా, కొత్తగా చేరేవాళ్ళు ఏం తెలుసుకోవల్ల?" అన్నావు. అప్పుడు మా అత్త పక్కనే కూర్చుని కాకరకాయలు తరుగుతోంది. "మంచిదేలే" అని పెట్టేశాను. నాకు నోటితో చెప్పడం చేతకాదని నీకు తెలుసు. టీచరు పాఠం అప్పజెప్పమంటే నా బదులు నువ్వే లేచేదానివి. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

ముందు మామూలు సంగతులు. నెలకు రెండు శనివారాలు సాయంత్రం మీటింగు ఉంటుంది. వరుసగా మూడింటికి పోకపోతే పేరు చదివి అడుగుతారు. చేరిన రోజు చీరకు బ్యాడ్జి గుచ్చి, చెయ్యి ముందుకు చాపించి ప్రమాణం చేయిస్తారు. నీ గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. నేను పేరు చెప్పి కూర్చున్నాను, అయినా చప్పట్లు కొట్టారు.

మంచి పనులు జరగవని అనను. పోయిన ఏడాది కంటి శిబిరంలో కార్వేటినగరం అవ్వ ఒకామెకు కట్టు విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె నా చీర అంచు పట్టుకుని, "ఇది పచ్చదా పాపా?" అంది. "పచ్చదే అవ్వా" అంటే నోరంతా తెరిచి నవ్వింది. ఆ రోజు ఇంటికొచ్చి నేను అన్నం కూడా సరిగా తినలేదు, అంత సంతోషం. ఆమెను చూశాకే నాకు క్లబ్బంటే ఇష్టం కలిగింది.

ఇంకొకటి కూడా తెలుసుకో. ఏ వస్తువు ఇచ్చినా ఫోటో తీస్తారు. ఇచ్చేవాళ్ళందరి చేతులూ వస్తువు మీద ఉండాలి. తీసుకునేవాళ్ళు కొంచెం వంగాలి. వెనక బ్యానరు కనబడాలి. ఫోటో కుదరకపోతే ఇచ్చిన వస్తువు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇస్తారు.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టేశాను లోకా. ఇంతటితో మడిచి పంపేద్దామనుకున్నాను. కానీ నీకు కాకపోతే ఈ మాట ఇంకెవరికి చెప్పను?

జూన్ నెలలో పేద ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇచ్చారు. ఒక్కో సభ్యుడు ఒక్కొక్కరిని వెతికి తీసుకురావాలి. సభ్యుల బంధువులకు మాత్రం ఇవ్వకూడదని నియమం. మా ఆయన కూడా ఈ క్లబ్బులోనే సభ్యుడు కదా, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామె పేరు రాయించారు. సీజను కదా, ఆ రోజు పొద్దున ఆమె లీవు ఇవ్వలేదని, రానని చెప్పింది. అందరి మనుషులూ వచ్చి తన మనిషి రాకపోతే క్లబ్బులో తలెత్తుకోలేనని ఆయన భయం. నాతో ఒక్క మాట అనకుండా నగరిలో ఉన్న మా అమ్మకు ఫోను చేశారు.

మా ఇంటి సంగతి నీకు తెలుసు. మరమగ్గం ఆగిపోయింది. నాయన ఆయాసంతో ఇంట్లోనే ఉంటున్నాడు. అమ్మ ఎవరిదో పాత మిషను అడిగి తెచ్చుకుని జాకెట్లు కుడుతోంది. అంటే ఆమెకు ఆ మిషను నిజంగానే కావాలి. అది తప్పు కాదు. అల్లుడు పిలిచాడని బస్సెక్కి వచ్చింది. హాలు వాకిట్లో ఆయన, "అత్తా, ఈ ఒక్క గంట నువ్వెవురో మేమెవురో. భువనను పలకరించొద్దు" అని చెప్పారట.

నాకు ఇవేమీ తెలియవు. స్టేజీ మీద నిలబడి ఉన్నాను. "నగరి నుంచి నేత కార్మికురాలు చౌడేశ్వరి" అని మైకులో పిలిచారు. మా అమ్మ పేరే ఇంకొకరికి ఉందేమో అనుకున్నాను. మెట్లెక్కింది మా అమ్మ. ముదురు నీలం చీర, తలలో పూలు కూడా పెట్టుకుని వచ్చింది.

మా ప్రెసిడెంటు జయంతి గారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "పిల్లలు ఎంతమందిమ్మా?" అని అడిగారు.

అమ్మ నన్ను చూసింది. తర్వాత కింద మా ఆయనను చూసింది. "లేరమ్మా" అంది.

నా చేతులు మిషను మీద ఉన్నాయి. నాకప్పుడు మూడో నెల. నోరు తెరిచి ఒక్కసారి "అమ్మా" అని ఉంటే సరిపోయేది. నేను తల వంచుకున్నాను. "సూసినారా, చూసుకునే బిడ్డలు గూడా లేని తల్లి" అని జయంతి గారు అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో సరిగా రాలేదు. "మేడమ్, కొంచెం నవ్వల్ల. ఏమ్మా, నువ్వు ఇంకొంచిం వంగు" అన్నాడు ఫోటో తీసే ఆయన. అమ్మ వంగింది. మూడుసార్లు ఇచ్చాను. చివరిసారి ఎవరూ చెప్పకుండానే, "నమస్కారం మేడమ్" అంది.

అప్పటినుంచి ఆమె మా గడప తొక్కలేదు. క్లబ్బు ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చి పోతుంటారు. ఆ ఫోటో పెద్దది చేసి హాలులో పెట్టారు. "గుర్తుపడతారమ్మా, అల్లుడికి మాటొస్తాది" అంటుంది అమ్మ. అక్టోబరులో నా సీమంతం. మా ఆయన క్లబ్బు వాళ్ళందరినీ పిలిచేశారు. నాకు మొదటి గాజులు తొడగాల్సింది మా అమ్మ. ఆమె రాకపోతే ఎట్లా లోకా? నాయనకు స్టేజీ మీద జరిగింది తెలియదు. నువ్వూ చెప్పొద్దు.

నీ పక్కన కూర్చుని ఏడ్చినట్టే ఇది రాసిన,
భువన


చిత్తూరు,
సెప్టెంబరు, బుధవారం

ఉత్తరం రాగానే జవాబు రాసిన నా లోకాకు,

నువ్వు చెప్పినట్టే, క్లబ్బు వాళ్ళకు నిజం చెప్పేద్దామా అని ఆయనను అడిగాను. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "నేను కావాలని చేసిన్నా భువనా? ఆమెకు మిషను కావల్ల, నాకు మనిషి కావల్ల. ఇప్పుడు చెప్తే నన్ను క్లబ్బు సెక్రెటరీని చేస్తారా? కాన్పు అయినాక సూద్దాం" అన్నారు. కాన్పు అయ్యాక సీమంతం చేస్తారా అని నేను అడగలేదు. మనసులోనే అనుకున్నాను.

జయంతి గారు నిన్న ఇంటికొచ్చారు. ఈ శనివారం కొత్తగా చేరేవాళ్ళు ఉన్నారట. "నువ్వు చేరి ఏడాదయింది గదా, కొత్తోళ్ళకు నాలుగు మాటలు చెప్పు. నీ మాదిరి భయస్తురాలు చెప్తేనే వాళ్ళకు ధైర్యం" అన్నారు.

నేను సరేనన్నాను. నీకు ఒక్కదానికే చెబుతున్నాను, ఆ రోజు మైకులో నిజం చెప్పేస్తాను. మిషను వెనక్కి తీసుకుంటే తీసుకోనీ. ఆయన పేరు పోతే పోనీ. మా అమ్మకు కూతురు ఉందని ఆ హాలులోనే చెప్పాలి. చెబితే ఆమె వస్తుంది. నా కోసం దేవుడికి దండం పెట్టు.

శనివారం కోసం ఎదురుచూస్తున్న,
భువన


చిత్తూరు,
నవంబరు, శుక్రవారం

ఇన్నాళ్ళూ జవాబు రాయని నన్ను తిట్టుకోని లోకాకు,

నువ్వు క్లబ్బులో చేరానని రాశావు. సంతోషం. ఎవరినీ మైకులో పిల్లలున్నారా అని అడగొద్దని మీ వాళ్ళకు చెప్పు. ఆ ఒక్కటి చేయగలిగితే చాలు.

నేను చెప్పాను లోకా. నిలబడి, కొత్తవాళ్ళ వైపు చూసి, "జూన్‌లో మిషను తీసుకున్న చౌడేశ్వరి మా అమ్మ. ఆమెకు పిల్లలున్నారు. నేనే" అన్నాను. హాలు నవ్వుతుందో తిడుతుందో అనుకున్నాను. జయంతి గారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మైకు తీసుకుని, "మా భువనది శానా మెత్తని మనసు" అన్నారు. మళ్ళీ చప్పట్లు.

తర్వాత టిఫిను ప్లేట్ల దగ్గర నాతో, "ఓసి పిచ్చిదానా, మాకు తెలీదనుకుంటివా? ఆధార్ కార్డులో ఊరు సూస్తానే తెలిసింది. నీది ఆమె మొగమే గదా. పోయిన తడవ తోపుడుబండి తీసుకునింది మా చిన్నాయనే. ఎవురి మనుషులు వాళ్ళకుంటారు. అందురికీ తెలుసు, ఎవురూ అనరు, అంతే. ఇంద, వడ తిను" అన్నారు.

మా ఆయన బండి మీద ఇంటికి తీసుకొచ్చారు. ఇంటి ముందు దిగాక, "అందురికీ తెలుసంట. నాకొక్కడికే తెలీదు" అన్నారు.

నేను లోపలికి కూడా పోకుండా అమ్మకు ఫోను చేశాను. అందరికీ తెలుసమ్మా, దాచాల్సిన పని లేదు, నువ్వు వచ్చేయొచ్చు అన్నాను. అవతల ఆమె మిషను తొక్కడం ఆపింది.

"వాళ్ళకు తెలిస్తే ఏమి, తెలీకుంటే ఏమమ్మా. కడుపుతో ఉండే బిడ్డను ఎదురుగా పెట్టుకోని పిల్లల్లేరంటిని. ఆ నోటితోనే నిన్ను దీవించల్నా? రేపు కాన్పులో ఏమన్నా అయితే నా మాటే తగిలిందనుకుంటా. నాకు భయంగా ఉండాది. నేను రాను."

"నేను కూడా పలకలేదు గదమ్మా ఆ పొద్దు" అన్నాను. కాదులే అంటుందనుకున్నాను.

"ఆ. పలకలేదు" అంది. "నాయన వస్తాడులే."

సీమంతం జరిగింది. మొదటి గాజులు మా అత్త చెల్లెలు తొడిగింది. జయంతి గారు పాట పాడారు. అమ్మ చేసి పంపిన చింతపండు అన్నం, కొబ్బరన్నం రెండు టిఫిను క్యారియర్లలో మోసుకుని నాయన వచ్చాడు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. మంచినీళ్ళు ఇచ్చాను. ఎవరూ దగ్గర లేనప్పుడు నా చెయ్యి పట్టుకుని, "మీ యమ్మ ఎందుకు రానంటాదో నాకు అర్థం కాలేదు పాపా. అడిగితే గోడ పక్కకు తిరిగి పండుకుంటాది. నీకేమన్నా చెప్పిందా?" అన్నాడు.

ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. గదిలో మేమిద్దరమే. మైకు లేదు, ఫోటో తీసేవాళ్ళు లేరు.

"నాకు తెలీదు నాయనా" అన్నాను.

ఇంకేమీ రాయలేని,
భువనేశ్వరి