చీలిన బండ మీద శిలువ

పూజ్యురాలైన అక్కయ్య రాగ్నకు,

తమ్ముడు హాల్వోర్ వందనములు. దైవకృప వలన ఇక్కడ మనుషులందరమూ కుశలమే. కుదురు లేనిది గాలి ఒక్కటే. రోజుల తరబడి ఈశాన్యం నుంచి వీస్తూ అది సరస్సును నిలవనివ్వడం లేదు, నన్నూ నిలవనివ్వడం లేదు. తెల్లవారగానే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గాని, వాక్యానికొకసారి లేచి కిటికీ దగ్గరకు వెళ్లి వస్తున్నాను. అక్షరాలు వంకరపోతే కారణం అదే. నీవు అనుమానించినట్టు చేతి వణుకు కాదు. మోకాలి నొప్పి మెట్ల దగ్గర తప్ప గుర్తుకు రావడం లేదు. నీవు అల్లి పంపిన మేజోళ్లు తొడుక్కునే రాస్తున్నాను.

ముందుగా చేపల సంగతి. మన సరస్సులో మనం పట్టే వాలై చేపలు అక్కడ కొలంబియా నదిలోనూ ఉన్నాయనీ, అక్కడివారు సాల్మన్‌కు తప్ప మరి దేనికీ గాలం వేయరనీ, ప్రవాహంలో వాటిని ఎలా పట్టాలో చెప్పమనీ రాశావు. నాకంటే బాగా పట్టేదానివి నన్ను అడగడం నా సంతోషం కోసమేనని తెలుసు. అయినా జీవితమంతా చర్చి వేదికనెక్కి ఉపదేశించినవాణ్ణి, అడిగితే ఆగగలనా?

మన సరస్సులో వాలైని వెతకవలసినది నీటి అడుగున ఉన్న దిబ్బల మీద. నదిలో అలా కాదు. అది ప్రవాహంతో పోరాడదు. వడినీరూ నిలకడనీరూ ఒరుసుకునే గీత వెంట, మునిగిన బండ చాటునో వంతెన కాలి చాటునో, అడుగును అంటిపెట్టుకుని ఎదురు చూస్తుంది; ఆహారం తానే వస్తుందని దాని విశ్వాసం. దాని ముత్యపు కళ్లకు ఎండ గిట్టదు. కనుక పొద్దు వాలుతుండగా వెళ్లు. పగలైతే మబ్బు పట్టి, గాలికి నీటి పైభాగం గరుకెక్కినప్పుడు వెళ్లు. అద్దంలా నిలిచిన నీటి మీద కాలం వృథా చేయకు. సీసపు తల ఉన్న గాలానికి జలగను గుచ్చి, అడుగు తాకేవరకు దించి, జానెడు ఎత్తి మళ్లీ దించు. కింద బురదైతే సీసం మెత్తగా కూరుకుంటుంది. గులకరాయి అయితే వేలికి టక్కుమని తెలుస్తుంది. ఆ టక్కుమన్న చోటే లంగరు వెయ్యి.

ఇక చేప ఎరను ముట్టినప్పుడు లాగకూడదు. ఇది నాకు నేర్పింది నీవే. వాలై ఎరను లాక్కుపోదు. ఊపిరి తీసినంత నెమ్మదిగా నోటిలోకి పీల్చుకుని సందేహిస్తుంది. గాలపు కర్ర కొన కొద్దిగా దించి, దారం వదిలి, బరువు తెలిశాకనే ఎత్తాలి. "నీ చెయ్యి ఆగదురా హాల్వోర్, అదే నీ జబ్బు," అని పడవ ముందు బల్ల మీంచి అనేదానివి. ఆ జబ్బు నయం కాలేదు.

ఇప్పుడు నీ రెండవ ప్రశ్న. చర్చి గంటగోపురాన్ని దించేస్తారట, నిజమేనా, నీవు మాత్రం ఒప్పుకోకు అని రాశావు. ఎందుకు రాశావో మనిద్దరికే తెలుసు. పడవలోంచి చూస్తే గోపురం మీది శిలువ ఒడ్డున ఉన్న చీలిన బండ నెత్తిన సరిగ్గా నిలిచినప్పుడు, అదే సమయంలో బాతుల దీవి కొన తూర్పు గట్టును తాకినప్పుడు, పడవ కింద మన దిబ్బ ఉంటుంది. దానిని నాన్న కనిపెట్టాడని నేను ఎవరితోనైనా అంటే అది అబద్ధం. లంగా తడుపుకుంటూ పడవ అంచున కూర్చున్న పిల్ల ఒకతె, "నాన్నా, శిలువ బండెక్కింది చూడు," అంది. ఆ పిల్లవు నీవు. రక్తసంబంధం లేనివారికి ఆ గుర్తు చెప్పవద్దని నాన్న ఆ రోజే మన చేత మాట తీసుకున్నాడు.

అయితే గోపురం లోపల నడిదూలం పుచ్చిపోయింది. నేనే ఎక్కి చూశాను. నా జేబుకత్తిని ఆనించి నొక్కితే పిడి దాకా దిగిపోయింది. దాని కిందనే ఆదివారపు బడి పిల్లలు తాళ్లాట ఆడుకుంటారు.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక సంఘం కూడింది. పండుగనాడు కూడా నిండని బల్లలు ఆనాడు నిండాయి. ఎన్నడూ ముఖం చూపనివారు కాఫీ గిన్నెలతో గోడల వెంట నిలబడ్డారు. సంఘాధ్యక్షురాలు తోరా దూలం సంగతి చెప్పి ముగించీ ముగించకముందే, ఎరల దుకాణం అర్విద్ లేచాడు. తన పెళ్లినాటి తరువాత అతడు ఆ గడప తొక్కడం అదే మొదలు.

"గోపురం జోలికి పోవద్దు తోరక్కా. అది మన పెద్దోళ్ల గుర్తు," అన్నాడు.

"నువ్వు గుడికొచ్చి ఎన్నాళ్లయిందయ్యా, అర్విద్?"

"లోపలికి రాలేదులే గానీ, గోపురాన్ని రోజూ చూస్తానే ఉన్నా."

"ఎక్కడ్నించి చూస్తున్నావో?"

అర్విద్ టోపీని ఇటూ అటూ తిప్పాడు. "నీళ్ల మీంచి."

గోడ వెంట ఉన్నవారందరూ ఒక్కసారిగా కాఫీ తాగడంలో మునిగిపోయారు. అప్పుడు నాకు అర్థమైంది: ఆ ఇంటికి ఆ శిలువే, ఈ ఇంటికీ ఆ శిలువే, ఎవరి రాయి వారిది, ఎవరి దీవి వారిది. ప్రాచీన కవులు నావికునికి ధ్రువనక్షత్రాన్ని ఇచ్చారు. ఈ ఊరికి మన చర్చి ఇచ్చింది చేపల గుర్తు.

"మీ చేపల కోసం పిల్లల నెత్తిన దూలం వేలాడదీయమంటారా? సిగ్గుండాలి," అంది తోరా. చేతులు ఎత్తమంటే రెండు వైపులా సమానంగా లేచాయి. ఎత్తనిది నాది ఒక్కటే. అందరూ నా వైపు తిరిగారు.

అక్కయ్యా, ఇక్కడ కలం పక్కన పెట్టి పెరట్లో చాలాసేపు తిరిగి వచ్చాను. ఫోనులో చెప్పే ధైర్యం చాలక ఈ ఉత్తరం రాస్తున్నాను. దించేయమని చెయ్యి ఎత్తాను. నీవు వద్దన్నావని తెలిసే ఎత్తాను. నీ దిబ్బను నిన్ను అడగకుండా పోగొట్టాను. ఆ క్షణం నుంచి నా కాళ్లు ఒకచోట నిలవడం లేదు.

నిన్నటి సాయంత్రం గోపురానికి చివరిది. పొద్దు వాలుతుండగా పడవ తీశాను. రేవు దాటగానే చూసి నిర్ఘాంతపోయాను. ఊరంతా నీళ్ల మీదనే ఉంది. తమ చోటు ఎవరికంటా పడకూడదని జీవితమంతా దొంగదారుల్లో తిరిగినవారు ఎవరి దిబ్బ మీద వారు బాహాటంగా లంగరు వేసుకుని, తలలెత్తి ఒకే శిలువను చూస్తున్నారు. నా ప్రసంగాలన్నీ కలిపినా అంతమంది చేత అటు చూపించలేకపోయాను.

చీలిన బండ మీదికి శిలువ ఎక్కింది. దీవి కొన గట్టును తాకింది. సరిగ్గా అక్కడ, మన చోట, అర్విద్ కూర్చుని ఉన్నాడు.

"రండి పాస్టరుగారూ. మీరొస్తారనే ఎడంపక్క వదిలిపెట్టా," అన్నాడు.

"ఇది మా నాన్న చోటు, అర్విద్."

"మా నాన్నది కూడానండి. మీ ఇంటోళ్లెవరన్నా ఇక్కడుంటే నన్ను తిరిగిపొమ్మనేవాడు."

"నిన్ను ఇక్కడ ఒక్కనాడూ చూడలేదే?"

"ఎట్టా చూస్తారు? ఆదివారం పొద్దున మీరు ఎక్కడుంటారో ఊరందరికీ తెలుసు గదా. మీ ప్రసంగం ఎంత సాగితే నాకు అన్ని చేపలు. ఇప్పుడొచ్చిన కుర్ర పాస్టరు చప్పున ముగించేస్తన్నాడు, నాకేమీ గిట్టుబాటు కావట్లా."

ఇన్నేళ్లూ ఆ మనిషిని నాస్తికుడనుకుని అతని కోసం ప్రార్థించాను. మా ఇద్దరి పడవలూ ఒకదానికొకటి తగిలి ఊగుతుండగా నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

వెలుగు ఉండగానే కొత్త గుర్తు కోసం ఇద్దరమూ వెతికాము. దొరికింది: అర్విద్ దుకాణపు రేకుల కప్పు అంచు, దాని వెనక ధాన్యపు గోదాము ఎడమ మూల. ఆ రెండూ కలిసినప్పుడు దీవి కొన గట్టును తాకాలి. సీసం వేసి చూశాను, టక్కుమంది. రక్తసంబంధం లేనివాడితో గుర్తు పంచుకుని, నాన్నకిచ్చిన మాట అక్కడ దాటాను. నీవు కోపగించుకోవడానికి ఇది రెండవ కారణం. రెండూ కలిపి ఒకే ఉత్తరంలో తిట్టు.

తిరిగి వచ్చే ముందు, "ఇహ ఆదివారాలు నేనేం చెయ్యాలి?" అని గొణిగాడు అర్విద్. "ఆ చోటు ఇద్దరిదీ అయ్యాక దొంగతనంగా రావడంలో మజా ఏముంటది?"

"చర్చి లోపల నా పక్కన చోటు ఖాళీయే," అన్నాను.

అతడు కాదనలేదు. గాలపు దారాన్ని వేలి మీద పెట్టుకుని నీటిలోకి చూస్తూ ఉండిపోయాడు. రమ్మని మరొక మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నీ చెయ్యి ఆగదురా అనే నీ గొంతు వినిపించింది. కర్ర కొన దించాను. అక్కయ్యా, నేను లాగలేదు.

గోపురాన్ని దించే క్రేను బండి వీధి మలుపు తిరిగిన చప్పుడవుతోంది. ఈసారి కిటికీ దగ్గరకు వెళ్లను. నీ జవాబు వచ్చేదాకా కుదురుగా ఉండడానికి ప్రయత్నిస్తాను.

ఇట్లు,
చెయ్యి ఆగని నీ తమ్ముడు
హాల్వోర్